వక్కపలుకు

తాంబూలమనగానే తెలుగు పండితునికి కావ్యములే స్ఫురిస్తాయి. పెద్దనగారు కవిత చెప్పడానికి కోరిన సౌకర్యాలలో కర్పూర తాంబూలం ఒకటని చాటువు. పెండ్లి నిశ్చయమైతే "తాంబూలాలు పుచ్చుకొన్నాం" అంటాం. ఇంతటి గౌరవం గల వస్తువును తప్పుపట్టడం నా వంటివానికి కష్టమే. అయినా వ్రాయక తప్పడం లేదు.

నాతో పనిచేసిన లెక్కల మాస్టారొకరు రోజుకు పది పన్నెండు మార్లు వక్క నమిలేవారు. పొగాకు ముట్టరు. "ఆకూ, వక్కా, సున్నమే గదండీ పండితులవారూ!" అనేవారు. ఆ మాటకు ఒకప్పుడు కొంత ఆధారముండేది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1985లో పొగాకు కలిసిన తాంబూలాన్నే క్యాన్సర్ కారకమని నిర్ధారించింది. 2004లో వెలువరించిన సంపుటంలో మాత్రం పొగాకు లేని తాంబూలమూ, వట్టి వక్కా కూడా అట్టివేనని తేల్చింది.

వక్కలోని అరెకోలిన్ అనే పదార్థం బుగ్గ లోపలి పొరలో పీచును పెంచుతుంది. పొర బిగుసుకొని నోరు తెరుచుకోదు. సాధారణంగా మూడు వేళ్ళు నిలువుగా పట్టవలసిన నోట మాస్టారికి రెండే పట్టేవి. కారం తగిలితే మంట. పంటి బాధ అనుకొన్నారు. బుగ్గలో పుండు ఎంతకూ మానకపోతే పరీక్ష చేయించారు. శస్త్రచికిత్స జరిగింది, బ్రతికారు.

నేను చెప్పదలచినది ఇక్కడినుంచే. శస్త్రవైద్యుడు తీసివేసేది ఒక్క పుండును. వక్కరసంలో ఏళ్ళ తరబడి నానినది నోరంతా. అందుచేత మరొక చోట కొత్త పుండు పుట్టే ప్రమాదం మిగిలే ఉంటుంది. చికిత్స తరువాత కూడా నమలడం మాననివారికి ఆ ప్రమాదం మరీ ఎక్కువ. వక్క వాడకం విస్తారంగా ఉన్న తైవాన్‌లోని వైద్యులు ఈ సంగతిని చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. కత్తి వైద్యునిది, మానడం రోగిది. రెండూ కలిస్తేనే చికిత్స.

మాస్టారు ఆరు నెలలు మానారు. ఆపైన ప్రతి శుభకార్యంలోనూ తాంబూలపు పళ్ళెం ముందుకు వచ్చేది. "ఒక్క పలుకేగా మాస్టారూ" అనేవారు ఆప్తులే. రెండేళ్ళకు రెండవ బుగ్గలో పుండు లేచింది. ఈసారి వైద్యులు చేయగలిగినది స్వల్పం. ఆయన వెళ్ళిపోయారు.

తరువాత వారి అమ్మాయి పెండ్లికి వెళ్ళాను. తాంబూలపు సంచిలో ఆకులున్నాయి, అరటిపండుంది, వక్క లేదు. లోటని ఎవరూ అనలేదు.

మిత్రులారా, మీ ఇంట వక్క నమిలే పెద్దలుంటే వారి నోట మూడు వేళ్ళు పడుతున్నవో లేదో చూడండి. రెండు వారాలైనా మానని పుండు ఉంటే వెంటనే వైద్యునికి చూపించండి. చికిత్స పొంది ఇంటికి వచ్చినవారి ముందు మాత్రం, ఎంత మర్యాదకైనా, ఆ పళ్ళెం పెట్టకండి.