కరెంటు ఆటో కొనేముందు బ్రోచర్‌లో ఏ అంకె చూడాలి?



మా బాబాయ్ లోన్ పెట్టి కరెంటు ఆటో కొందామనుకుంటున్నాడు. పాడేరు సంతకి మనుషుల్ని, పసుపు బస్తాల్ని తిప్పాలని. "నువ్వు ఈఈఈ చదువుతున్నావు కదరా, చూసి చెప్పు" అని బ్రోచర్ ఫొటో పంపాడు. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనొక్కడినే, కాబట్టి చెప్పాల్సింది నేనే. ఆయనకి చెప్పింది మన ఏజెన్సీలో ఇంకొందరికి కూడా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నా.

ఇలాంటి బండ్లలో ఎక్కువగా వాడేది పర్మనెంట్ మ్యాగ్నెట్ మోటార్. దానికి రెండు హద్దులు.

మొదటిది స్పీడు హద్దు. మోటార్ తిరిగేటప్పుడు జనరేటర్ లాగా తనే ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది. స్పీడుతో పాటు అదీ పెరుగుతుంది. బ్యాటరీ వోల్టేజీ దగ్గరకి వచ్చేసరికి కరెంటు లోపలికి పోవడం కష్టమవుతుంది, స్పీడు ఆగిపోతుంది. ఫీల్డ్ వీకెనింగ్ అనే పద్ధతిలో కంట్రోలర్ ఇంకొంత స్పీడు తెప్పించగలదు గానీ, అక్కడ టార్క్ తగ్గుతుంది.

రెండోది టార్క్ హద్దు, అంటే తిప్పే బలానికి హద్దు. టార్క్ కరెంటుని బట్టి వస్తుంది. కరెంటు రెట్టింపైతే టార్క్ దాదాపు రెట్టింపు, తీగల్లో వేడి మాత్రం నాలుగు రెట్లు. మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు సుమారు 80 డిగ్రీల వరకే తట్టుకుంటాయి, ఖరీదైన రకాలు ఇంకా ఎక్కువ. హద్దు దాటి బలం పోతే, చల్లారాక కూడా పూర్తిగా తిరిగి రాదు.

ఇప్పుడు మన ఘాట్ లెక్క చూద్దాం. మనుషులు, బస్తాలతో కలిపి బండి 800 కిలోలు అనుకోండి. 10 మీటర్లకి 1 మీటరు ఎత్తు ఎక్కే రోడ్డు. కిందికి లాగే బలం సుమారు 780 న్యూటన్లు. చక్రం వ్యాసార్థం 0.2 మీటర్లయితే చక్రం దగ్గర 156 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. మోటార్ 10 చుట్లు తిరిగితే చక్రం 1 చుట్టు తిరిగే గేరుంటే, మోటార్ 16 దాకా ఇవ్వాలి. రాపిడి ఖర్చు దీనికి అదనం. గంటకి 15 కిలోమీటర్లతో ఎక్కినా 3 కిలోవాట్లు దాటుతుంది. అదీ ఒక్క నిమిషం కాదు, ఘాట్ అయ్యేదాకా.

అసలు సంగతి ఇక్కడే ఉంది. బ్రోచర్‌లో పెద్దక్షరాల్లో వేసింది పీక్ టార్క్. అది కాసేపు ఇచ్చేది, బండి కదలడానికి, చిన్న ఎత్తు దాటడానికి. ఆపకుండా ఇవ్వగలిగేది కంటిన్యూయస్ టార్క్, అది తక్కువ. అదే పనిగా పీక్‌లో నడిపితే వేడెక్కుతుంది, కంట్రోలర్ కరెంటు తగ్గించేస్తుంది. బండి సగం ఘాట్‌లో నీరసపడుతుంది. మైదానంలో తిరిగేవాళ్లకి ఈ తేడా పెద్దగా తెలియదు. మనకి రోజూ తెలుస్తుంది.

అందుకే బాబాయ్‌కి రెండే చెప్పాను. కంటిన్యూయస్ టార్క్ ఎంతో, గేరు నిష్పత్తి ఎంతో కాగితం మీద రాసివ్వమను. నిండా బరువేసి ఘాట్ మొత్తం ఎక్కించి చూపించమను. అప్పుడే సంతకం పెట్టు. బండి ఎక్కినా ఎక్కకపోయినా ఈఎంఐ నెలనెలా కట్టాల్సిందే కదా.

మన ఊళ్లలో ఇలాంటి బండి నడిపేవాళ్లుంటే, బరువుతో ఎక్కేటప్పుడు ఎంత స్పీడు వస్తోందో, ఎక్కడ తగ్గుతోందో కింద రాయండి. కొనాలనుకునేవాళ్లకి బ్రోచర్ కన్నా అది ఎక్కువ పనికొస్తుంది.