జగ్గయ్యపేట దారిలో మందు మాన్పించే మాట

బెజవాడలో హైదరాబాదు బస్సెక్కితే నందిగామ వచ్చేసరికి చాలామందికి కునుకు పట్టేస్తుంది. జగ్గయ్యపేట ఎప్పుడు దాటిందో కూడా తెలీదు. ఈసారి దిగి చూడండి. కృష్ణా జిల్లా మెరక ప్రాంతమంటే ఇదే. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. డెల్టా పచ్చదనం వెతక్కండి. ఇక్కడ పత్తి, మిరప, సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు, వాటి లారీలు. జగ్గయ్యపేట పాతపేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి పేరు పెట్టుకున్న ఊరు. ఊరి పక్కనే బౌద్ధ స్తూపం ఉంది, 1882లో బర్జెస్ దొర పరిశీలించాడు.

మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లిని చూడకుండా రాకండి. రెండేళ్లకోసారి అమ్మవారి విగ్రహాలు రంగులు వేయించుకోడానికి జగ్గయ్యపేటకు వస్తాయి. ఆ సంబరం చూడాల్సిందే! అక్కడ ఆడవాళ్లు మొక్కే మొక్కుల్లో "మా ఆయన తాగుడు మానాలి తల్లీ" అన్నది ఎంత ఉంటుందో మీకు చెప్పాలా?

తాగుడు మీద మన ఆడవాళ్లు చేసిన యుద్ధం చిన్నది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కదిలితే, 1993 అక్టోబరు 1న సారా పోయింది. 1995 జనవరిలో మద్యం మొత్తం నిషేధించారు. 1997లో ఎత్తేశారు. 2019 తర్వాత ఆంధ్రలో ధరలు పెరిగితే, తెలంగాణ వైపు నుంచి సీసాలు దాచి తెస్తూ గరికపాడు చెక్‌పోస్టు దగ్గర పట్టుబడేవాళ్లు. సీసా దొరక్కుండా చేస్తే కొంత మేలే, కాదనను. కానీ దాహం ఎందుకు పుట్టిందో ఎవరడిగారు?

నందిగామలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నావిడ భర్త లారీ డ్రైవరు. కళ్లముందే తోటి డ్రైవరు యాక్సిడెంటులో పోయాడట. "అప్పట్నుంచి కళ్లు మూస్తే అదే కనపడుద్దంటమ్మా. తాగితేగానీ నిద్రపోడు" అంది. ఇలాంటి మనిషికి ఒళ్లు గుల్లవుతుందని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. ఆయన లెక్కలో ఆ భయానికి మందే మందు.

ఇలా మనసులో ఇరుక్కున్న భయానికి ఈఎండీఆర్ అని ఒక వైద్యం ఉంది. 1987లో అమెరికాలో ఫ్రాన్సిన్ షపీరో అనే ఆమెకు తట్టింది. ఆ చెడ్డ సంఘటనను తలుచుకుంటూ, వైద్యుడు అటూ ఇటూ ఆడించే వేళ్లను కళ్లతో అనుసరించాలి. కాసేపు ఆపి ఏమనిపించిందో చెప్పాలి. మళ్లీ మొదలు. గారడీలా ఉంది కదూ? ఫోనులో గట్టిగా వాదిస్తూ పోపు పెట్టండి, ఆవాలు మాడతాయి. మనసు ఒకేసారి రెండు పనులు పూర్తిగా మొయ్యలేదు. కళ్లు పనిలో ఉంటే జ్ఞాపకం పదును తగ్గుతుందని ఒక వివరణ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో, ఘోరాలు చూసి కుంగిపోయినవాళ్లకు దీన్ని సిఫారసు చేసింది.

తాగుడుకు పనిచేస్తుందా? తాగాలన్న యావ తగ్గిందని కొన్ని పరిశోధనలు, మామూలు చికిత్స కంటే అదనంగా ఒరిగిందేమీ లేదని కొన్ని. నాకనిపించేది, తాగుడు వెనక ఆ లారీ డ్రైవరుకున్నలాంటి గాయం ఉంటే అడిగి చూడదగ్గది. అదొక్కటే చాలదు. ముందు డాక్టరు చేత తాగుడు మాన్పించే చికిత్స, తర్వాత కౌన్సెలింగు, దాంతోపాటు ఇది. శిక్షణ పొందినవాళ్లే చెయ్యాలి. ఇంట్లో చూపుడువేలు ఊపి ప్రయత్నించకండి!

ఇక వంటింటి సంగతి. ఆయనకు తెలీకుండా సాంబారులో డైసల్ఫిరామ్ మాత్ర కలిపేవాళ్లున్నారు. దయచేసి వద్దు. అది కడుపులో ఉండగా తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ప్రాణమే పోవచ్చు. ఆయన ఒప్పుకుని, డాక్టరు రాస్తేనే అది మందు. మాల వేసుకుని నలభై ఒక్క రోజులు మానేవాళ్ల సంగతీ అంతే. మంచిదే, కానీ ఏళ్ల తరబడి రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. మాల వెయ్యబోయే ముందే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మీ సంగతీ మర్చిపోకండి. ఆయన గేటు చప్పుడుకే గుండె దడదడలాడుతోందా? ఈ వైద్యం మీకే అవసరం కావచ్చు. చెయ్యి చేసుకుంటుంటే 181కి ఫోను చెయ్యండి. మనసు బాధలకు 14416, తాగుడు, మత్తు అలవాట్లకు 14446. డబ్బులు పడవు.

ఫోను చేసేముందు కాగితం మీద రాసుకోండి. రోజుకెంత తాగుతాడు, ఎన్నేళ్లుగా, మానినప్పుడు చేతులు వణికాయా, నిద్రలో ఉలిక్కిపడి లేస్తాడా. ఆ ఆఖరిది వాళ్లు అడక్కపోయినా మీరే చెప్పండి.