రాణీగంజ్‌లో మిగిలిన 340 రూపాయలు

ఈసారి సంచికకు కథో కవితో రాసివ్వమని మన యూనియన్ మిత్రులు వెంటపడ్డారు. కవిత్వం నాకు అచ్చిరాదు. తెలిసిందల్లా మా ఇంటి ముందున్న పాత కారు. దాని గురించే రాస్తాను, లెక్చరర్‌గార్లు మన్నించాలి.

మాది సీతాఫల్‌మండి. బండి 2008 నాటి మారుతి 800. పేరు ఆంజనేయుడిదే గాని ప్రాణం జపాను సుజుకి వాళ్ళది. మూడు సిలిండర్లు, 796 సీసీ. 1983 డిసెంబరులో ఇందిరాగాంధీ మొదటి బండి తాళాలు అందించిన నాటి నుంచి 2014 జనవరిలో తయారీ ఆగేదాకా ఎన్ని మధ్యతరగతి కుటుంబాలను మోసిందో! (జపాను వాళ్ళు మన పక్కకూ వచ్చారు. జహీరాబాద్‌లో ఒకప్పుడు ఆల్విన్ వాళ్ళు నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు చేశారు.)

2023లో దానికి 15 ఏళ్ళు నిండాయి. మళ్ళీ రిజిస్ట్రేషన్ కావాలంటే బండిని చూపించాలి. "ఖర్చు ఎక్కువైతే తుక్కుకిచ్చేద్దాం" అన్నారు నాన్నగారు. అమ్మ ఏమీ అనలేదు. మోకాళ్ళ నొప్పులతో బస్సెక్కలేని మనిషికి ఆ బండే కాళ్ళు.

మెకానిక్ చాచా చీటీ రాసిచ్చాడు: వెనక చక్రాల వీల్ సిలిండర్లు రెండు, బ్రేక్ షూలు, బ్రేక్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్. "బేటా, పాత సామాను సంచీలో పెట్టుకొని పో. పేరు చెప్పి అడగొద్దు, చూపించి అడుగు" అన్నాడు. మంచి మాట. ఒకే పేరుగల బండికి ఏడాదికో రకం సామాను ఉంటుంది. కార్బురేటర్ బండిది ఎంపీఎఫ్ఐ బండికి పనికిరాకపోవచ్చు. పార్టు నంబరు కలవాలి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి కొలతలు చూసుకోవాలి.

రాణీగంజ్‌లో దుకాణదారు ఒకే వస్తువు మూడు రకాలు బల్లమీద పెట్టాడు. "ఒరిజినల్, కంపెనీది, లోకల్. ఏది కావాలె?" చూడటానికి మూడూ కవలపిల్లలే. షూలు ఒరిజినల్ తీసుకున్నాను. సిలిండర్లు మాత్రం లోకల్. 340 రూపాయలు మిగిలాయి. అవి ఆ సాయంత్రమే స్నేహితుడితో ప్యారడైజ్‌లో బిర్యానీ అయ్యాయి.

"ఒరిజినలేనా?" అని చాచా అడిగాడు. అవునన్నాను. బిల్లు ఎక్కడో పడిపోయిందన్నాను.

ఇన్‌స్పెక్షన్ గట్టెక్కింది. మూడు నెలల తర్వాత ఆదిక్‌మెట్ ఫ్లైఓవర్ దిగుతుంటే పెడల్ నేలదాకా పోయింది. నాన్నగారు గబగబా మళ్ళీ మళ్ళీ తొక్కి, హ్యాండ్ బ్రేకు లాగారు. బ్రేకుకు రెండు దారులుండబట్టి, ఒకటి పోయినా రెండోది పట్టింది. ఓ అరటిపళ్ళ బండికి జానెడు దూరంలో ఆగాం. డ్యాష్‌బోర్డు పట్టుకున్న అమ్మ చేతి గాజులు రెండు పగిలాయి. మణికట్టు మీద నెత్తురు.

చాచా డ్రమ్ము విప్పాడు. షూ తడిసిపోయి ఉంది. సిలిండర్‌లో రబ్బరు కప్పు ఉబ్బి, వేలితో నొక్కితే జిగటగా అంటుకుంది. ఆయిల్ అంటాం గాని బ్రేకులో పోసేది నూనె కాదు. దానికి తగ్గ రబ్బరైతేనే తట్టుకుంటుంది, కానిది ఇలాగే ఉబ్బి మెత్తబడుతుంది. ఇదంతా తర్వాత చదువుకున్నాను లెండి.

"ఇన్నేళ్ళ నమ్మకం! ఇట్లాంటి సామాను వేస్తావా?" అని నాన్నగారు చాచా మీద అరిచారు. చాచా నావైపు ఒక్కసారి చూశాడు. నోరు మెదపలేదు. ఆ చూపుకు నేను ఎంతసేపు ఆగానో తెలియదు. ఎక్కువసేపే ఆగాను. తర్వాత చెప్పేశాను, బిర్యానీతో సహా.

నాన్నగారు నన్నేమీ అనలేదు. చాచాకు రెండు చేతులూ జోడించారు. మర్నాడు మళ్ళీ నా చేతికే డబ్బిచ్చి, "నువ్వే పోయి పట్రా" అన్నారు.

పాకెట్ మీద హోలోగ్రాము, నంబరు, ధర అన్నీ చూసి తెచ్చాను. ఈసారి చాచా బిల్లు అడిగాడు. ఇచ్చాను. రెండుసార్లు చదివి, మడిచి, తన జేబులోనే పెట్టుకున్నాడు.