పిల్లికూతలు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు, నా విజయాల గురించి రాయమంటారేమో అనుకున్నాను. అంత చెప్పుకోదగ్గ విజయాలు ఇంకా లేవు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను, ఇప్పుడు ఎమ్మెస్సీ చదువుతున్నాను, అంతే. అందుకే ఇదే హాస్టల్లో రెండేళ్ళకు పైగా నేను దాచిన ఒక సంగతి రాస్తున్నాను. నవ్వుకున్నా సరే, చివరిదాకా చదవండి తమ్ముళ్ళూ.

ఎనిమిదో తరగతిలో నేనిక్కడ చేరాను. అప్పట్లో స్టోర్ రూములో ఎలుకల బాధ ఎక్కువ. బియ్యం బస్తాలు కొరికేవి, ట్రంకు పెట్టె సరిగా మూయకపోతే నోటుపుస్తకాలు కొరికేవి. ఎక్కడి నుంచో ఒక బూడిద రంగు పిల్లి వచ్చి చేరింది. వంట చేసే అక్క దానికి మల్లి అని పేరు పెట్టింది. నెల తిరిగేసరికి ఎలుకలు తగ్గాయి. మల్లి అందరికీ ముద్దయింది. నా పక్క స్టోర్ రూము తలుపు దగ్గరే. తన పని అయిపోయాక వచ్చి నా దుప్పట్లోనే పడుకునేది.

మొదట తుమ్ములు వచ్చాయి. పొద్దున్నే వరసగా పది, పదిహేను. కళ్ళు దురద, ముక్కు కారడం. పడిశం అనుకున్నాను. చలికాలం వచ్చేసరికి రాత్రిళ్ళు ఛాతీ పట్టేసి పిల్లికూతలు మొదలయ్యాయి. అసలు దోషి పేరు ఆ మాటలోనే ఉందని నాకు తట్టలేదు.

ఒకడు టీబీ అన్నాడు. పక్కవాడు తన పరుపు దూరంగా జరుపుకున్నాడు. నా భయం వేరు. రోగమని తెలిస్తే ఇంటికి పంపిస్తారు. ఇంటికి పోతే మళ్ళీ రావడం ఉండదు. నాయన మేస్త్రీ దగ్గర కూలి, అమ్మ నాట్లకు, కలుపులకు పోయేది. ఇంట్లో ఉన్నవాడు పనికి పోవాల్సిందే. అందుకని కూత బయటికి వినిపించకుండా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చేవాణ్ణి. దసరా సెలవులకు ఇంటికి పోతే నాలుగైదు రోజుల్లో తగ్గిపోయేది. "హాస్టల్ నీళ్ళు పడతలేవు బిడ్డా" అనేది అమ్మ. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో చేపమందు వేయిద్దామని నాయన అన్నాడు.

పదో తరగతి ప్రీఫైనల్ ముందు రాత్రి ఇక దాగలేదు. మాట పెగలడం లేదు. వాచ్‌మన్ తాత ఆటోలో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మూతికి మాస్కు పెట్టి మందు పట్టారు. ఊపిరి తిరిగాక డాక్టరమ్మ అడిగినవి రెండే ప్రశ్నలు: "ఎక్కడికి పోతే తగ్గుతుంది? నువ్వు పడుకునే చోట ఏముంటుంది?" మల్లి సంగతి చెప్పాను. "ఇది అంటురోగం కాదు. నీకు పిల్లి పడదు" అంది.

మర్నాడే తాత మల్లిని బస్తాలో వేసుకుని ఊరవతల రైస్ మిల్లు దగ్గర వదిలేసి వచ్చాడు. ఆ రాత్రి చిన్నపిల్లలు అన్నం సరిగా తినలేదు. ఆరో తరగతి పిల్లవాడొకడు నా దగ్గరికి వచ్చి, "అన్నా, నాకు కాకరకాయ పడదు. దాన్ని ఎవరూ బస్తాలో వేసి పారెయ్యరు కదా" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు.

విచిత్రమేమంటే మల్లి పోయినా నా కూతలు పూర్తిగా పోలేదు. "పిల్లి పోయింది, నీ దమ్ము పోలేదు. ఉత్తపుణ్యానికి దాన్ని వెళ్ళగొట్టించావు" అన్నారు నా స్నేహితులే. ఎలుకలు మళ్ళీ వచ్చాయి. ఇరవై రోజులకు మల్లి కూడా చిక్కిపోయి తిరిగొచ్చింది. దాన్ని చూసి అందరికంటే ఎక్కువ భయపడిందీ నేనే, మళ్ళీ పంపొద్దని సార్‌ను అడిగిందీ నేనే.

సార్ ఒక ఏర్పాటు చేశారు. నా పక్క చివరి గదికి మారింది. మల్లికి స్టోర్ రూము, వరండా మాత్రమే. దాన్ని ముట్టుకున్నవాళ్ళు చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకునే నా గదికి రావాలి. ఆదివారం ఆదివారం అక్క పొయ్యి మీద కాచిన వేడినీళ్ళలో నా దుప్పటి నానబెట్టేవాణ్ణి. గది తలుపు కాపలా ఎవరనుకున్నారు? ఆ కాకరకాయ పిల్లవాడే. ఈ జాగ్రత్తలతో, డాక్టరమ్మ ఇచ్చిన ఇన్‌హేలర్‌తో క్రమంగా రాత్రులు నిద్రపట్టింది. పరీక్షలు రాశాను, పాసయ్యాను.

స్నేహితుల ప్రశ్నకు జవాబు ఎమ్మెస్సీ ఇమ్యునాలజీ క్లాసులో దొరికింది. తప్పు పిల్లి వెంట్రుకది కాదు. దాని లాలాజలంలో, చర్మగ్రంథుల్లో తయారయ్యే ఫెల్ డి 1 అనే ప్రోటీన్ ప్రధాన కారణం. పిల్లి ఒళ్ళు నాక్కుంటుంది. ఆ తడి ఆరి సన్నటి రేణువులై గాలిలో తేలుతుంది, దుప్పట్లకూ చొక్కాలకూ అంటుకుంటుంది. పిల్లి పోయాక కూడా నెలల తరబడి గదిలో ఉంటుంది. అందుకే మల్లి పోయినా నా కూతలు పోలేదు. అలర్జీ ఉన్నవాళ్ళ ఒంట్లో ఐజీఈ అనే యాంటీబాడీలు ఆ ప్రోటీన్‌ను శత్రువనుకుంటాయి. హిస్టమిన్ వంటి రసాయనాలు విడుదలై తుమ్ములు, దురద, ఆయాసం వస్తాయి. ఈ ఐజీఈని 1966లో జపాన్‌కు చెందిన ఇషిజాకా దంపతులు గుర్తించారు. ఆ రోజు క్లాసులో నా కథ చెప్పాను. తువ్వాలు సంగతి మాత్రం చెప్పలేకపోయాను. ఇక్కడ మొదటిసారి చెబుతున్నాను.

తమ్ముళ్ళూ, ఆయాసం వస్తే దాచకండి. రోగం వచ్చిందని ఎవరూ మీ చదువు మాన్పించరు. దాస్తేనే ప్రమాదం. దుకాణంలో బిళ్ళలు కొనుక్కుని సరిపెట్టుకోవద్దు, డాక్టరుకు చూపించుకోండి. ఇన్‌హేలర్ వాడితే వ్యసనమవుతుందన్న మాట నమ్మకండి. పక్కవాడు రాత్రి లేచి కూర్చుంటే పరుపు దూరం జరపకండి, సార్‌ను లేపండి.

పోయిన నెల హాస్టల్‌కు వచ్చాను. వరండా మెట్ల మీద ఒక బూడిద రంగు పిల్లి ఎండ కాచుకుంటోంది. మల్లి మనవరాలట. రెండు గజాల దూరంలో నిలబడి పలకరించాను. జేబులో ఇన్‌హేలర్ ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకుని లోపలికి వెళ్ళాను.