కారం సరే, కిలోవాట్లెన్ని?

2025 అక్టోబర్ 14న గూగుల్‌వాళ్ళు ఢిల్లీలో కూర్చుని విశాఖకి వెయ్యి మెగావాట్ల డేటా సెంటర్ ప్రకటించారు. ఐదేళ్ళలో పదిహేను వందల కోట్ల డాలర్లు. అమెరికా బయట తాము కట్టే ఏఐ కేంద్రాల్లో ఇదే అతి పెద్దదని కూడా అన్నారు. రెండ్రోజులు తిరిగాయో లేదో, పక్క రాష్ట్రంతో మాటల పోటీ మొదలైంది. ఆంధ్రా వంటల్లాగే మా పెట్టుబడులూ కారమే, కొందరు పొరుగువాళ్ళకి అప్పుడే మంటగా ఉన్నట్లుంది అని మన మంత్రి లోకేశ్ ఒక చురక వేశారు. కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే తక్కువ తిన్నారా? కారం అందరికీ ఇష్టమే, కానీ పోషకాహార నిపుణులు సమతులాహారం తినమన్నట్టే ఆర్థికవేత్తలు బడ్జెట్‌ని కూడా సమతూకంగా ఉంచుకోమంటారు కదా అని తిరిగి అంటించారు. దాంతోపాటు 22 వేల కోట్ల రాయితీలిచ్చి తెచ్చుకున్నారన్న దెప్పుడు ఒకటి.

పంచ్‌లు రెండూ బాగానే పేలాయి. నేనూ నవ్వాను. కానీ ఈ తగువులో వంటింటి భాష తప్ప యూనిట్ల భాష ఎక్కడా వినపడలేదు. ఎన్ని లీటర్లు, ఎన్ని యూనిట్లు, ఎంతమంది? ఇద్దరూ ఐటీ మంత్రులే, చూసి చప్పట్లు కొట్టింది మనలాంటి ఐటీ జనాలే. లెక్క మాత్రం ఎవరూ అడగలేదు.

నాది సబ్బవరం. తెలియనివాళ్ళకి - అనకాపల్లి నుంచి పెందుర్తి మీదుగా ఆనందపురం పోయే ఆరు వరుసల రోడ్డు మీద ఉంటుంది. 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లా, ఆ తరవాత అనకాపల్లి జిల్లా. న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, పక్కనే వంగలిలో పెట్రోలియం ఇన్‌స్టిట్యూటుంది. డేటా సెంటర్‌కి చెప్పిన మూడు చోట్లలో తర్లువాడ ఆనందపురం వైపు, రాంబిల్లి అచ్యుతాపురం వైపు, అడవివరం సింహాచలం కొండ దగ్గర. అంటే మా ఊరు సరిగ్గా మధ్యలో, ఎటూ కాకుండా. గూగుల్ రాలేదు గానీ గూగుల్ పేరు చెప్పి స్థలాలమ్మేవాళ్ళు మాత్రం ముందే వచ్చేశారు.

ఆ నెలాఖర్లో నాగులచవితికి ఊరెళ్ళాను. పుట్టలో పాలు పోసొచ్చి, పిల్లలు టపాకాయలు కాలుస్తుంటే అరుగు మీద సభ తీరింది. మా బావది స్థలాల వ్యాపారం కాబట్టి ఆయన దృష్టిలో ఇది అవతారపురుషుడి రాక. మా మేడ మీద అద్దెకున్న లా కుర్రాడి దృష్టిలో ఇది ఊరి నీళ్ళన్నీ తాగేసే బకాసురుడు. మా చిన్నాన్న స్టీల్ ప్లాంట్‌లో ముప్పయ్యేళ్ళు చేసి రిటైరైన మనిషి. ఆయన ఏ పార్టీ కాదు. ఇద్దర్నీ విని నావైపు తిరిగి, "ఒరే నాయినా, కంప్యూటర్లోడివి నువ్వే గదా. వెయ్యి మెగావాట్లంటే ఏటో సెప్పు ముందు. మిగతాది తరవాత దెబ్బలాడుకుందాం" అన్నాడు. నాకు తెలిసి ఈ విషయమ్మీద అంత తెలివైన ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

వెయ్యి మెగావాట్లంటే పది లక్షల కిలోవాట్లు. గంటకి పది లక్షల యూనిట్లు, రోజుకి 2.4 కోట్ల యూనిట్లు. నెలకి రెండొందల యూనిట్లు కాల్చే ఇళ్ళు ముప్పై ఆరు లక్షలు కలిస్తే అంత. ఆంధ్రప్రదేశ్ మొత్తం రోజుకి వాడేది ఇరవై కోట్ల పైచిలుకు యూనిట్లు. అంటే పూర్తి లోడు మీద నడిస్తే ఈ ఒక్క కేంద్రమే రాష్ట్రం వాడకంలో ఇంచుమించు పదో వంతు. చిన్నాన్నకి ఇంకా సుళువుగా చెప్పాను. "పరవాడలో సింహాద్రి ఉంది కదా చిన్నాన్నా, ఎన్టీపీసీ? నాలుగు యూనిట్లు కలిపి రెండు వేల మెగావాట్లు. అందులో సగం." ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత "మరి బొగ్గో?" అన్నాడు. యూనిట్‌కి ఏడొందల గ్రాములు వేసుకున్నా రోజుకి పదిహేడు వేల టన్నులు, నాలుగు గూడ్సు బళ్ళ పైనే. "బొగ్గెందుకు, సోలార్ అంటున్నారుగా" అని బావ అడ్డొచ్చాడు. నిజమే, స్వచ్ఛమైన కరెంటే వాడతామని కంపెనీ అంటోంది. కాకపోతే సర్వర్లు రాత్రి పడుకోవు, సూర్యుడు పడుకుంటాడు. ఆ చీకటి పూట కరెంటు బ్యాటరీల్లోంచి వస్తుందా, నీళ్ళు ఎత్తిపోసి కిందకి వదిలే పంప్డ్ స్టోరేజీ నుంచా, లేక తిరిగి తిరిగి సింహాద్రి లాంటిదాని నుంచేనా? అసలు అడగాల్సింది అదీ. సోలార్ అనే మాట దానికి జవాబు కాదు.

ఇహ నీళ్ళు. ఇక్కడ లా కుర్రాడి ఆవేశం నాకు నచ్చింది, అంకె లేకపోవటం నచ్చలేదు. పదో తరగతి భౌతికశాస్త్రం గుర్తు తెచ్చుకోండి. కంప్యూటర్‌లోకి వెళ్ళిన కరెంటు చివరికి మొత్తం వేడే. మీరు రాసిన జావా ప్రోగ్రామ్ ఎంత గొప్పదైనా సరే, బయటికొచ్చేది వేడే. ఒక యూనిట్ కరెంటంటే 860 కిలోకేలరీలు. లీటరు నీరు ఆవిరవటానికి మామూలు ఉష్ణోగ్రతలో దాదాపు 580 పడుతుంది. భాగిస్తే యూనిట్‌కి లీటరున్నర. వేడంతా నీటిని ఆవిరి చేసే పోగొడితే రోజుకి 3.6 కోట్ల లీటర్లు. పట్నాల్లో తలకి రోజుకి 135 లీటర్లు అనేది మన దేశంలో ప్రమాణం. ఆ లెక్కన రెండు లక్షల అరవై వేలమందికి సరిపడే నీళ్ళు.

భయంగా ఉంది కదూ? ఇప్పుడు అదే అంకెని మనకలవాటైన టీఎంసీల్లో చూడండి. ఏడాదంతా కలిపినా అర టీఎంసీ కూడా కాదు. వరికైతే రెండు వేల ఏడొందల ఎకరాలకి ఒక పంట. రాష్ట్రం మొత్తమ్మీద చూస్తే పెద్ద కథ కాదు. అదే ఒక్క రిజర్వాయర్‌లోంచి, అదీ మే నెలలో, విశాఖ జనం తాగే నీళ్ళలోంచి తోడితే చాలా పెద్ద కథ. బకాసురుడా కాదా అన్నది ఆకలిని బట్టి కాదు, ఎవరి గిన్నెలో చెయ్యి పెడుతున్నాడన్నదాన్ని బట్టి తేలుతుంది. సింహాద్రి సముద్రపు నీటితోనే చల్లబడుతోంది, అదీ ఇక్కడే. ఫిన్లాండ్‌లో హమీనా అనే ఊళ్ళో గూగుల్ ఒక పాత కాగితం మిల్లు కొని, సముద్రపు నీటితో చల్లబరిచే డేటా సెంటర్‌ని 2011 నుంచి నడుపుతోంది. అంటే మంచినీళ్ళు ముట్టకుండా పని జరగనిదేం కాదు. ఖర్చు ఎక్కువ, అంతే.

ఇక్కడో పిడకల వేట. ఆవిరి చేసి చల్లార్చటం అనే విద్యకి విశాఖ అంత అనువైన ఊరు కాదు. వైశాఖంలో బీచ్ రోడ్డు మీద నిలబడ్డ ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. చెమట పడుతుంది గానీ ఆరదు. గాలిలో అప్పటికే బోలెడు తేమ ఉంటే కూలింగ్ టవర్‌కీ అదే అవస్థ, దానికీ ఉక్కపోతే. అప్పుడు కంప్రెసర్లు నడపాలి, నీళ్ళు మిగిలితే కరెంటు పెరుగుతుంది. నీళ్ళు తగ్గిస్తామనేవాళ్ళు కరెంటు ఎంత పెరుగుతుందో అదే నోటితో చెప్పాలి. ఒకటి చెప్పి రెండోది దాచటం ఇంజనీరింగ్‌లో కుదరదు (ప్రెస్ మీట్‌లో కుదురుతుంది).

ఉద్యోగాల దగ్గరికొచ్చేసరికి మా బావకీ నాకూ నిజంగానే చెడింది. ప్రత్యక్షమూ పరోక్షమూ కలిపి లక్షా ఎనభై ఎనిమిది వేల ఉద్యోగాలని ప్రభుత్వం చెప్పింది. పరోక్షం అనే మాటకున్న సౌకర్యం అంతా ఇంతా కాదు, గేటు ముందు టీ కొట్టు దగ్గర్నుంచి మా బావ దళారీ కమీషన్ దాకా అన్నీ పట్టేస్తాయి. జనం మనసులో మాత్రం హైటెక్ సిటీ బొమ్మ ఉంది. అద్దాల మేడలు, మెడలో ట్యాగులు, కింద బిర్యానీ పాయింటు. అది మనుషులు కూర్చునే ఆఫీసు. డేటా సెంటర్లో కూర్చునేది యంత్రాలు. అవి ఇడ్లీ తినవు, పీజీల్లో ఉండవు, ఆటో ఎక్కవు. 2025 ఏప్రిల్‌లో టీసీఎస్‌కి రుషికొండ మీద 21.16 ఎకరాలు 99 పైసలకి ఇస్తే ఊరంతా వెక్కిరించింది. వాళ్ళు చెప్పింది 1,370 కోట్ల పెట్టుబడి, పన్నెండు వేల ఉద్యోగాలు. గూగుల్ ప్రాజెక్టు పెట్టుబడి 87,520 కోట్లు. అదే నిష్పత్తిలో ఇక్కడా ఉద్యోగాలొస్తాయనుకుంటే ఏడు లక్షల అరవై వేల పైన రావాలి. ప్రభుత్వం కూడా అంత ధైర్యం చెయ్యలేదు.

"అయితే రావొద్దంటావేటి?" అని బావ.

రావొద్దని నేననలేదు, ఇప్పుడూ అనను. కేబుళ్ళొస్తాయి, సబ్‌స్టేషన్లొస్తాయి, కట్టినన్నాళ్ళూ వేలమందికి పనుంటుంది. కట్టాక కావలసింది మాత్రం ఎలక్ట్రికల్ వాళ్ళు, చిల్లర్లు తెలిసిన మెకానికల్ వాళ్ళు, ఫైబర్ అతికేవాళ్ళు, ఫైర్ సేఫ్టీ వాళ్ళు, సెక్యూరిటీ వాళ్ళు. కోడ్ రాసేవాడు హైదరాబాద్‌లో కూర్చుని రాస్తాడు, ఆ సర్వర్ విశాఖలో ఉందో ఓస్లోలో ఉందో వాడికి పట్టదు. నాకు పట్టిందా ఎప్పుడైనా? పదిహేనేళ్ళుగా క్లౌడ్ మీద పని చేస్తున్నాను, నా సర్వర్లని కళ్ళతో చూసింది లేదు.

ఈ ఉపన్యాసానికి కారణముంది. మా అక్క కొడుకు ఇంటర్ రెండో ఏడాది. "మన దగ్గిరికి గూగుల్ వచ్చీసింది, వీణ్ణి కళ్ళు మూసుకుని సీఎస్ఈలో వేసీడవే" అని బావ నిర్ణయం. వాడికి చిన్నప్పట్నుంచీ మోటార్లు విప్పటం సరదా, ఇంట్లో మిక్సీ ఎప్పుడు ఆగినా వాడే బాగు చేస్తాడు. ఈఈఈ గానీ మెకానికల్ గానీ చదివితే గూగుల్ వాకిట్లో వాడికే ఎక్కువ పనుంటుందన్నాను. బావ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు మాత్రం ఏసీ గదిలో కూర్చుని సాఫ్ట్‌వేర్ చేసుకో, మావోణ్ణి ఆ ఏసీ బాగుచేసుకోమను" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. జీతాల తేడా చూస్తే ఆయన మాటలో అబద్ధమేం లేదు మరి. మేనల్లుడు ఫోన్ లోంచి తలెత్తకుండానే "జెమినీని అడిగాను మావయ్యా, అది కూడా సీఎస్ఈయే అంటోంది" అన్నాడు.

ఇంతసేపూ చిన్నాన్న వింటూనే ఉన్నాడు. ఆయనకి ఈ వాదనలన్నీ ఒకసారి అయిపోయిన సినిమా. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో రోడ్డెక్కిన ఉద్యమంలో కాల్పులకి ముప్పై రెండు ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరిలో శంకుస్థాపన చేశారు. పీవీ నరసింహారావు జాతికి అంకితం చేసేసరికి 1992 ఆగస్టు. ఆ నినాదానికి ప్రాస కుదిరింది, గుండె కుదిరింది, ఇనుప గనులు మాత్రం కుదర్లేదు. సొంత ఇనుప గనుల్లేకుండా ఛత్తీస్‌గఢ్ ఖనిజాన్ని మార్కెట్ ధరకి కొనుక్కునే ప్లాంటు అది. 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంటే మళ్ళీ జనం రోడ్డెక్కారు, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు. నష్టాలకి కారణాలు ఇంకా ఉన్నాయి, కాదనను. కానీ ముడి ఖనిజం ఎక్కడిది అన్న ప్రశ్నకి మొదటి రోజే కాగితం మీద జవాబు రాయించుకుని ఉంటే కథ కొంత వేరేగా ఉండేది. భూముల సంగతీ అంతే. అరవై నాలుగు ఊళ్ళు లేచిపోయాయి. నిర్వాసితులకి ఆర్-కార్డులిచ్చారు. ఆ కార్డుతో ఉద్యోగం కోసం తండ్రులు ఎదురుచూశారు, తరవాత కొడుకులు చూశారు. కార్డు మీద పేరుంది, ఏ తేదీలోగా ఉద్యోగమో లేదు.

అందుకని తర్లువాడ రైతు నన్నడిగితే (అడగడు, నేనెవర్ని?) నేను రాసిచ్చే చీటీలో ఇవుంటాయి: ఏ రిజర్వాయర్ నుంచి, ఏ నెలలో, రోజుకి ఎన్ని లీటర్లు. రాత్రి కరెంటు ఎక్కడిది, ఆ లైన్ల ఖర్చు మా ఇంటి బిల్లులో పడుతుందా. నడిచే రోజుల్లో జీతం మీద ఎంతమంది, వాళ్ళలో ఎందరు ఈ మండలం వాళ్ళు, వాళ్ళకి నేర్పేది ఏ ఐటీఐ, ఏ పాలిటెక్నిక్. ఈ అంకెల్ని ఏటా ఎవరు కొలిచి బయటపెడతారు. మనం ఆఫీసులో క్లౌడ్ ఒప్పందం రాసుకునేటప్పుడు 99.99 శాతం అప్‌టైమ్ అని నాలుగు తొమ్మిదులు రాయించుకుంటాం, తప్పితే డబ్బు వెనక్కి లాక్కుంటాం. ఊరికి మాత్రం "ఉజ్వల భవిష్యత్తు" చాలంటే ఎలా?

చిన్నాన్న అనుమానం వేరే. "వెయ్యి మెగావాట్ల వేడీ గాల్లోకి వదిలీడమేనేటి? మేం ఎర్రగా కాలిన కోక్‌ని కూడా నీళ్ళు కొట్టి ఆర్పీవోళ్ళం కాదురా. నైట్రోజన్‌తో ఆర్పి, ఆ వేడితో ఆవిరి తీసి, ఆ ఆవిరితో కరెంటు తీసీవోళ్ళం." నిజమే, కోక్ డ్రై కూలింగ్ విశాఖ ఉక్కుకి గర్వకారణం. కానీ కోక్ వేడి వెయ్యి డిగ్రీలు, సర్వర్ వేడి నలభై డిగ్రీలు. హమీనాలో అయితే ఆ వేడితో ఇళ్ళు వెచ్చబెట్టుకోవచ్చు. విశాఖలో వేడి ఎవడిక్కావాలి?

"ఎండు సేపలు ఆరబెట్టుకోవచ్చు గదరా" అన్నాడు చిన్నాన్న. లా కుర్రాడు అది పర్యావరణ అనుమతి షరతుల్లో పెట్టించొచ్చా అని సీరియస్‌గా ఆలోచించటం మొదలుపెట్టాడు. బావ అప్పటికే ఫోన్‌లో ఎవరికో తర్లువాడ రోడ్డు వారన గజం ధర చెప్తున్నాడు.