ఒంటిస్తంభం మేడలు

జెద్దా వెళ్తే ముందు బలద్ చూడండి. అరబ్బీలో బలద్ అంటే ఊరు. జెద్దా ఎంత పెరిగినా, అసలు ఊరు ఇదే. 2019 సెప్టెంబరు నుంచి సౌదీ అరేబియా టూరిస్టు వీసాలు ఇస్తోంది, అందుకే మేము వెళ్ళగలిగాం. సాయంత్రమే బయల్దేరండి. మధ్యాహ్నం ఎండకు మనుషులే కనిపించరు.

బాబ్ మక్కా దగ్గర నడక మొదలుపెట్టండి. బాబ్ అంటే ద్వారం. ఊరి గోడను 1947లో కూల్చేశారు, ద్వారం పేరు మాత్రం నిలిచింది. అక్కడి నుంచి సందుల్లోకి వెళ్తే నాలుగైదు అంతస్తుల ఇళ్ళు కనిపిస్తాయి. ఎర్ర సముద్రంలోంచి తీసిన పగడపు రాయితో కట్టారు. వీధి మీదికి వచ్చిన చెక్క కిటికీలను రోషన్ అంటారు. లోపలివాళ్ళకు గాలి వస్తుంది, బయటివాళ్ళకు లోపలివాళ్ళు కనబడరు.

నసీఫ్ ఇంటి ముందు కాసేపు ఆగండి. 1881లో పూర్తయిన ఇల్లు. 1925లో రాజు అబ్దుల్ అజీజ్ జెద్దాకు వచ్చినప్పుడు ఇక్కడే దిగాడు. ఇంటి పక్కన ఒక పెద్ద చెట్టుంది. ఒకప్పుడు ఊరంతటికీ అదొక్కటే చెట్టు, అందుకే దీన్ని చెట్టున్న ఇల్లు అనేవారు. ఏ చెట్టో తెలుసా? వేప! ఉగాది పచ్చడిలో పువ్వు వేసుకుంటామే, అదే వేప. నేను ఆకు ముట్టుకుని చూశాను.

మా అమ్మమ్మ కథల్లో రాకుమారిని ఒంటిస్తంభం మేడలో ఉంచేవారు. బలద్ చరిత్ర అంతా అలాంటి మేడల చరిత్రే. 647లో ఖలీఫా ఉస్మాన్ జెద్దాను మక్కాకు రేవుగా చేసినప్పటి నుంచి ఊరికి యాత్రికులే ఆధారం. హజ్ రోజుల్లో ఇళ్ళవాళ్ళు గదులు అద్దెకిచ్చి ఏడాదంతా తినేవారు. 1929 తర్వాత ప్రపంచమంతా డబ్బుకు కరువొచ్చింది. అంతకుముందు ఏడాదికి సుమారు లక్ష మంది విదేశీ యాత్రికులు వచ్చేవారు, 1933 నాటికి ఇరవై వేలకు పడిపోయారు. ఖజానా ఖాళీ. ఆ ఏడాది మే 29న జెద్దాలోనే ఒక అమెరికా కంపెనీతో చమురు ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 1938లో చమురు పడింది. ఒక స్తంభం పోయి ఇంకో స్తంభం వచ్చింది.

చమురు డబ్బుతో పాత కుటుంబాలు ఉత్తరాన కొత్త పేటలకు వెళ్ళిపోయాయి. ఇక్కడి ఇళ్ళలో వలస కూలీలు చేరారు. పగడపు రాయికి ఎప్పుడూ మరమ్మతు కావాలి. అద్దెకున్నవాడు ఎందుకు చేస్తాడు? చాలా ఇళ్ళు కూలిపోయాయి. మిగిలిన బలద్ 2014లో యునెస్కో జాబితాకెక్కింది, మన ఆప్రవాసీ ఘాట్ 2006లో ఎక్కిన జాబితాయే.

2016లో విజన్ 2030 ప్రకటించారు, చమురు ఒక్కదాని మీదే బతకకూడదని. అందులో సైన్యం సంగతీ ఉంది. అప్పటికి సైనిక ఖర్చులో 2 శాతమే దేశంలో ఉండేది. 2030కి సగం దేశంలోనే ఖర్చు చేయాలని లక్ష్యం. 2017లో సామి అనే ప్రభుత్వ ఆయుధాల కంపెనీ పెట్టారు. ఉద్యోగాలు వస్తాయి, నిజమే. కానీ తుపాకీ ఇక్కడ చేసినా బయట కొన్నా డబ్బు చమురుదే. అది స్తంభానికి రంగు వేయడమే అనిపిస్తుంది నాకు. బలద్‌లో జరిగేది అంతకంటే నయం. 2019లో 56 పాత ఇళ్ళ బాగుకు 5 కోట్ల రియాళ్ళు ఇచ్చారు. 2021 డిసెంబరులో ఎర్ర సముద్రం సినిమా పండుగ మొదటిసారి ఇక్కడే జరిగింది. సందు సందుకీ కాఫీ దుకాణం వస్తోంది.

మనకిది కొత్త కథ కాదు. వాక్వాలో బ్రిటిష్ నౌకాదళం వైర్‌లెస్ కేంద్రం ఉండేది, దాని పేరే హెచ్.ఎం.ఎస్. మారిషస్. వంటవాళ్ళు, తోటమాలులు, డ్రైవర్లు దాని మీద బతికేవారు. 1970ల మధ్యలో అది మూతపడింది. ఎగుమతి ఫ్యాక్టరీలకు రాయితీలిచ్చే చట్టం 1970లోనే రావడం మన అదృష్టం. చెరకు కోసిన తల్లుల కూతుళ్ళు కుట్టుమిషన్ల ముందు కూర్చున్నారు. తర్వాత హోటళ్ళు, బ్యాంకులు వచ్చాయి. పుస్తకాల్లో ఇక్కడితో కథ సుఖాంతం. కానీ యాభై ఏళ్ళ తోటమాలిని ఏ ఫ్యాక్టరీ తీసుకుంది? ఊరికి కొత్త స్తంభం దొరకడం వేరు, ఆ మనిషికి చోటు దొరకడం వేరు.

సూక్ అల్ అలవీ బజారులో సంచులమ్మే ఒకాయన ఫోనులో తెలుగు మాట్లాడుతుంటే ఆగాం. నిజామాబాద్ వైపు ఊరట. నా గుడి తెలుగు విని నవ్వి, “ఏ ఊరమ్మా మీది?” అన్నాడు. చెప్పాను. “గంత దూరంల తెలుగోళ్ళున్నరా!” అని స్టూలు తెచ్చి కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు. ఉమ్రాకొచ్చినవాళ్ళు సంచులు కొంటారు కాబట్టి గిరాకీ ఉంది. గది అద్దె మాత్రం పెరిగింది. భార్యాపిల్లలను ఇంటికి పంపేశాడు. వాళ్ళు ఇక్కడ ఉండాలంటే మనిషికి నెలకింతని రుసుం కట్టాలి. 2017లో 100 రియాళ్ళు, 2020కి 400. చమురు కాని ఆదాయాల్లో ఇదీ ఒకటి. నలుగురున్న ఇంటికి ఎంతవుతుందో మీరే లెక్కవేయండి.

లేచేటప్పుడు అడిగాడు, “మీ దేశంల పని దొరుకుతదా అమ్మా?”

మా ఫ్యాక్టరీలకూ బంగ్లాదేశ్ నుంచి, ఇండియా నుంచి కూలీలను ఒప్పందం మీద తెస్తారని చెప్పాను. “ఎన్నేండ్లు రాయించుకుంటరు?” అన్నాడు.