మీకేదైతే నాకూ అదే!

హోటల్లో కూర్చున్నాక సర్వర్ వచ్చి "ఏం కావాలమ్మా?" అని అడిగితే, మన ఆడవాళ్ళలో చాలామంది చెప్పే జవాబు ఒక్కటే. మొగుడి వంకో, కొడుకు వంకో చూసి "మీకేదైతే నాకూ అదే!" అంటాం. చూసేవాళ్ళు అబ్బ, ఎంత అణకువ అనుకుంటారు. అణకువా పాడా! ఆ అట్టమీద రాసింది ఇంగ్లీషు. అక్షరాలు చీమ తలకాయలంత. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చాం. ఎలాగో కూడబలుక్కుని చదివినా 'పనీర్ లబాబ్‌దార్' అని ఉంటుంది. మనకు జమాదారు తెలుసు, హవల్దారు తెలుసు. ఈ లబాబ్‌దారెవరు? అడిగితే పక్క టేబుల్ వాళ్ళు నవ్వుతారేమోనని బెరుకు. ధర చూస్తే గుండె ఝల్లు. ఇన్ని కష్టాలకూ కలిపి ఒకే మందు, "మీకేదైతే నాకూ అదే."

మా చిన్నప్పుడు ఈ బాధ లేదు. అప్పటి మెనూ సర్వర్ నోట్లో ఉండేది. భుజాన తువ్వాలు వేసుకుని వచ్చి ఇడ్లీ నుంచి పెసరట్టు దాకా ఒక్క ఊపిరిలో దండకంలా చదివేవాడు. మనకు వినబడేది మొదటిదీ చివరిదీ మాత్రమే. అందుకే సగం మంది ఇడ్లీ, సగం మంది పెసరట్టు తిని వెళ్ళేవాళ్ళు. మధ్యలో ఉన్న పాపానికి వడలన్నీ అలాగే మిగిలిపోయేవేమో పాపం! తర్వాత నల్లబల్లలు వచ్చాయి, ఆ తర్వాత అట్టలు. 2020లో కరోనా వచ్చి ఆ అట్టల్ని కూడా ముట్టుకోవద్దంది. అప్పుడు టేబుల్ మీద గళ్ళ ముగ్గులాంటి బొమ్మ అంటించారు. 1994లో జపాన్‌లో డెన్సో కంపెనీ ఇంజనీరు మసాహిరో హారా, ఆయనతోటివాళ్ళు, కారు విడిభాగాల లెక్క కోసం కనిపెట్టిన క్యూఆర్ కోడ్ అది. దాన్ని ఫోన్‌తో ఫొటో తీస్తే మెనూ వస్తుందట. వచ్చేది మళ్ళీ ఆ ఇంగ్లీషే, ఈసారి ఇంకా చిన్న అక్షరాల్లో.

ఇప్పుడు కొత్తగా వచ్చింది వీడియో మెనూ. గోడమీద టీవీలో దోసె తిరుగుతూ ఉంటుంది, బిర్యానీ మీద పొగలు లేస్తూ ఉంటాయి. ఇదేదో పట్నాల సోకు అనుకునేదాన్ని, మా స్టేషన్ ఘన్‌పూర్‌లో చూసేదాకా.

మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. పూర్వం వరంగల్ జిల్లాలో ఇద్దరు ఘన్‌పూర్‌లుండేవారు. కోటగుళ్ళున్న ఘన్‌పూర్ ఒకటి, రైలు స్టేషనున్నది మాది. ఉత్తరాలు దారి తప్పకుండా మా ఊరి పేరుకు ముందు స్టేషన్ తగిలించారు. 2016లో కొత్త జిల్లాలయ్యాక మేము జనగామలోకి, వాళ్ళు భూపాలపల్లిలోకి పోయాం. అయినా పేరు ముందున్న స్టేషన్ మాత్రం కదల్లేదు.

హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే రోడ్డు పక్కన మా చిన్నమ్మ కూతురికి చిన్న హోటలుంది. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం భోజనం. వంట చెల్లెది, గల్లాపెట్టె మరిదిది. రోడ్డు నాలుగు వరుసలయ్యాక బండ్లు ఆగడం తగ్గింది. రయ్యిమని వచ్చి రయ్యిమని పోతున్నాయి. "ఇగ బంద్ జేసి హన్మకొండల ఏదన్న షాపుల పనికి వోదాం" అని మరిది అనడం, చెల్లె ఆ పూట అన్నం తినకపోవడం, ఏడాది పాటు ఇదే వరస. పదిహేనేళ్ళు పొయ్యి దగ్గర నిలబడి సంపాదించుకున్న పేరు మరి!

ఇంజనీరింగ్ చదివే వాళ్ళబ్బాయి సెలవులకొచ్చి, క్రికెట్ కోసం కొన్న టీవీని వీడియో మెనూ చేస్తానన్నాడు. ఎక్కడివో తయారు వీడియోలు తెచ్చి పెట్టాడు. ఏం దోసెలవి! దానిమీద చీజు కొండచరియలా జారిపడుతోంది. ఒక లారీ డ్రైవరు టీవీ చూపించి అదే కావాలన్నాడు. మా చెల్లె తన మామూలు దోసె తెచ్చి పెట్టింది. అతను దోసె వంక చూశాడు, టీవీ వంక చూశాడు. "ఏందక్కా, టీవీలది టీవీల్నే ఉంటదా?" అన్నాడు. పాపం, కోపంగా కూడా అనలేదు. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి టీవీ ఆపేసింది.

"నా చేతి దోసె మంచిగనే ఉన్నది పెద్దమ్మా అని ఊరంత అంటరు. గా దోసె పక్కన వెడితె నా దోసె దొంగదైంది" అని నాతో చెప్పుకుంది. "పెద్దమ్మా" అన్నది కొడుకు పిలిచే పిలుపు. కష్టం చెప్పుకునేటప్పుడు ఆమె కూడా నన్ను అలాగే పిలుస్తుంది.

కొడుకు బుద్ధిమంతుడు. రెండో రోజు ఫోన్ తీసుకుని వంటింట్లో నిలబడ్డాడు. కిటికీ వెలుతురులో వాళ్ళమ్మ చేతుల్నే తీశాడు. సర్వపిండి ఉంది చూశారూ, బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానబెట్టిన శనగపప్పు, కరివేపాకు, కారం కలిపి గిన్నెకు ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె వేసి కాలుస్తాం. అట్టమీద దాన్ని ప్రెస్సువాళ్ళు 'రైస్ పాన్‌కేక్' అని అచ్చు వేశారు. అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడు లేడు. ఇప్పుడు టీవీలో ఆమె వేలు టక టక చిల్లులు పెట్టడం, నూనె చిటపటమనడం కనబడేసరికి, పట్నం నుంచి వచ్చేవాళ్ళు "మా నాయనమ్మ చేసేది!" అని లేచి నిలబడుతున్నారు. చాలా రోజులు మధ్యాహ్నానికే పిండి అయిపోతోంది.

ఆ అబ్బాయి పెట్టుకున్న నియమాలు నాకు బాగా నచ్చాయి. వంటకానికి పది సెకన్లు మించకూడదు. చప్పుడుండకూడదు, అవతల రోడ్డు చప్పుడే చాలు. కస్టమరుకు పెట్టే పళ్ళెంలోనే, పెట్టేంత కొలతలోనే తీయాలి. పేరు తెలుగులో, ధర పెద్ద అంకెల్లో ఉండాలి. ఐదారు కంటే ఎక్కువ చూపించకూడదు. వంట అయిపోతే బొమ్మ కూడా తీసేయాలి. ఇంతే. ముందు ధర తెలిసిపోతుంది కనుక బెరుకుండదు. ఇడ్లీ వచ్చేలోపు నాలుగు వంటకాలు కళ్ళముందు తిరుగుతాయి కనుక, ఇడ్లీతో లేద్దామనుకున్నవాడు ఇంకొకటి చెబుతాడు. అమ్మకం పెరగడంలో రహస్యం ఈపాటిదే.

ఇందులో పెద్ద కొత్త కూడా లేదు. 1932లోనే ఒసాకాలో ఇవసాకి తాకిజో అనే ఆయన మైనంతో వంటకాల నమూనాలు చేసి హోటళ్ళకిచ్చే వ్యాపారం పెట్టాడు. జపాన్‌లో ఇవాళ్టికీ హోటల్ అద్దాల వెనక అలాంటి బొమ్మలుంటాయి, మైనం పోయి ప్లాస్టిక్ వచ్చిందంతే. 2019లో మెక్‌డొనాల్డ్స్ వాళ్ళు వాతావరణాన్ని బట్టి, వేళను బట్టి మెనూ తెర మారేలా చేయడానికి ముప్ఫై కోట్ల డాలర్లకు పైగా పోసి ఒక కంపెనీనే కొన్నారు. వాన పడితే "వేడి వేడి మిర్చి బజ్జీ ఉంది సార్" అని మన సర్వర్ జీతం రాళ్ళమీదే చెప్పేవాడు కదా!

వీడియో జనాన్ని రప్పిస్తుంది, నిజమే. నూరేళ్ళు దాటిన మస్తానమ్మ కట్టెల పొయ్యి మీద వండితే, 2018లో ఆమె పోయేదాకా ప్రపంచమంతా కూర్చుని చూసింది. 2024 జనవరిలో మాదాపూర్‌లో కుమారి ఆంటీ బండి దగ్గర వీడియోలు చూసి వచ్చినవాళ్ళతో రోడ్డు నిండిపోయి, పోలీసులు బండి తీయించడం, ముఖ్యమంత్రి కల్పించుకుని మళ్ళీ పెట్టించడం మనకు తెలిసిందే. తెర మీద చూపించినంత మాత్రాన చాలదు. వచ్చినవాళ్ళకు పీట, పిడికెడు అన్నం మన దగ్గర ఉండాలి.

మా చెల్లె హోటల్లో నేను చూసిన ఒక మాట చెప్పకుండా ముగించలేను. చిల్పూరు గుట్టకు వెళ్ళి వస్తూ ఒక కుటుంబం దిగింది. కొడుకు అందరికీ తానే చెబుతున్నాడు. "అవ్వకు ఇడ్లీ" అన్నాడు. ఆ అవ్వ టీవీ వంకే చూస్తోంది. వేలు చూపించి "నాకు గది" అంది. సర్వపిండి.

"నీకు పండ్లు లేవుగదనే!"

"ఉన్న కాడికి నములుత. నీకేంది?"

మా చెల్లె నవ్వుకుంటూ పోయి, అంచు గట్టిపడకుండా కాల్చి తెచ్చి, ముక్కలు తుంచి పెట్టింది. ముసలామె తీరుబడిగా, ఎవరికీ పెట్టకుండా, మొత్తం తినేసింది. ఆ వయసుకు హోటల్లో తన నోటితో తాను అడిగి తిన్నది అదే మొదటిసారట, పోతూ పోతూ చెల్లెతో చెప్పింది. చదువు రాని మనిషికి మెనూ చదివే హక్కు ఆ టీవీ ఇచ్చిందన్నమాట.

హోటల్ మూసే మాట మరిది ఈమధ్య ఎత్తడం లేదు. లాభాల లెక్క నన్నడక్కండి, గల్లాపెట్టె ఆయనది. చెల్లె మాత్రం రెండు పూటలా తింటోంది.

మన సంగతికొద్దాం. టీవీ ఉన్నా లేకపోయినా, ఈసారి హోటల్‌కెళితే "ఇదేమిటి బాబూ, ఎలా ఉంటుంది, ఎంత?" అని నిస్సంకోచంగా అడగండి. డబ్బిచ్చి తింటున్నాం, అడిగితే తప్పేముంది? అందరికంటే ముందు మీరే ఆర్డరు చెప్పండి. పక్కనున్నాయన "నాకూ అదే" అంటే అననివ్వండి, ఒక్కసారికి ఆయనా అణకువగా ఉంటే ఏం పోయింది?